పూస ఒక్కటే ఉన్న తుపాకికి గుండు గురి

పన్నెండు బోరు తుపాకికి సాధారణంగా వెనక సైటు ఉండదు. గొట్టం మూతి కొసన మినపగింజంత ఇత్తడి పూస ఒకటి బిగించి ఉంటుంది, అంతే. ఆ తుపాకి పుట్టిందే ఎగిరే పిట్టను కొట్టడానికి. ఒక్క తూటాలో వందలకొద్దీ సన్న సీసపు గుళ్లు నింపి వదిలితే అవి గుప్పిటతో చల్లిన విత్తనాల్లా విచ్చుకుంటూ పోతాయి కనుక, గురి బెత్తెడు అటూ ఇటూ అయినా పని జరిగిపోతుంది. అదే గొట్టంలోంచి గుళ్ల బదులు 28 గ్రాముల సీసపు ముద్దను ఒక్కదాన్నే వదిలితే లెక్క మారిపోతుంది. ఈ ముద్దను స్లగ్ అంటారు, వాడుకలో గుండు అన్నా సరిపోతుంది. గుండు తగిలితే తగులుతుంది, లేకపోతే లేదు. బెత్తెడు తేడాను సర్దుకునే గుణం దానికి లేదు. అందుకే గుండు వాడదలచుకున్నవారు మొదట అడిగే ప్రశ్న సైటు ఎలా తిప్పాలి, ఎంత తిప్పాలి అని. ప్రశ్న సహజమే గానీ, నున్నని గొట్టం తుపాకి విషయంలో వరస తలకిందులైంది. ఇక్కడ సైటు తిప్పడం చిట్టచివరి పని. చెంప ఎక్కడ ఆనుతోంది, తూటా ఏది, రెండు గొట్టాలుంటే ఏ గొట్టం, ఎంత దూరం అన్నవి ముందు తేలాలి. అవి తేలకుండా తిప్పిన స్క్రూ ఒక తప్పును ఇంకో తప్పుతో కప్పుతుంది.

ఈ సంగతి జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతానికి ఎందుకు పట్టాలి? ఇది పాత కృష్ణా జిల్లా మెట్ట, 2022 ఏప్రిల్ 4న ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చింది. ఒక పక్క కృష్ణానది, మధ్యలో మున్నేరు, పడమట పాలేరు, వాటి మధ్య సున్నపురాయి నేలలు, గుట్టలు, పత్తి, మిరప, మొక్కజొన్న, సుబాబుల్ తోటలు. మొక్కజొన్న కంకి పాలుపోసుకునే రోజుల్లో అడవిపందుల మంద ఒక్క రాత్రి దిగితే తిన్నదానికంటే తొక్కింది ఎక్కువ. కాపలాకు మంచె, డప్పు, టపాకాయ, చుట్టూ చీరలు కట్టడం వంటివన్నీ ఉన్నాయి. కంచెకు కరెంటు పెట్టడం, ఉచ్చులు వేయడం కూడా ఉన్నాయి. అవి నేరాలు, పైగా పందికంటే ముందు మనిషి ప్రాణం తీసిన సందర్భాలు తెలుగు జిల్లాలన్నిటా ఉన్నాయి. వీటన్నిటి మధ్య లైసెన్సు తుపాకి చట్టం ఒప్పుకున్న సాధనం. ఆ తుపాకి నున్నని గొట్టంది కావడం కూడా చట్టం చేసిన ఏర్పాటే. 1959 నాటి ఆయుధాల చట్టం 13వ సెక్షన్ రక్షణకో క్రీడకో 20 అంగుళాలకు తగ్గని నున్నని గొట్టం తుపాకికి, పంట కాపలాకు మూతిలోంచి మందు కూరే తుపాకికి లైసెన్సు ఇవ్వడాన్ని మిగతా ఆయుధాలకంటే సులువు చేసింది. కూరుడు తుపాకి చాలదని అధికారికి అనిపిస్తే పంట కాపలాకే మరో నున్నని గొట్టం తుపాకికి ఇవ్వవచ్చు. లైసెన్సు పుస్తకంలో ఎస్‌బీబీఎల్ అనీ డీబీబీఎల్ అనీ రాసేది వీటినే. ఒంటి గొట్టం, జంట గొట్టం అని వాటి భేదం. రైఫిల్ చేతికి వచ్చే రైతు అరుదు. వచ్చేది పూస తుపాకే, దానితోనే నెగ్గుకురావాలి.

చేతిలో తుపాకి ఉన్నంత మాత్రాన పందిని కొట్టే హక్కు రాదని కూడా ఇక్కడే చెప్పాలి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది. అడవిపంది మొదట మూడో షెడ్యూల్లో ఉండేది, 2022 సవరణ 2023 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చాక రెండో షెడ్యూల్లోకి వెళ్లింది. పంటకు, ప్రాణానికి ముప్పు ఉందని చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గాని, ఆయన అధికారమిచ్చిన అధికారి గాని 11వ సెక్షన్ కింద రాతమూలకంగా కారణం చూపి అనుమతిస్తేనే కాల్చవచ్చు. సరిహద్దు మరో చిక్కు. ఆంధ్రప్రదేశ్ వరకే చెల్లే ఆయుధ లైసెన్సు గరికపాడు చెక్‌పోస్టు దాటి పాలేరు అవతల అడుగుపెడితే చెల్లదు. ఒక రాష్ట్రం ఇచ్చిన అనుమతి మరో రాష్ట్రపు పందికి వర్తించదు. పందికి ఈ తేడాలు తెలియవు, తుపాకి పట్టినవాడికి తెలియకపోతే మాత్రం కుదరదు. ఇలా చేతులు కట్టేసిన పరిస్థితిలో, అనుమతి దొరికిన కొద్ది సందర్భాల్లో పేల్చే ఒకటి రెండు తూటాలు గాయంతో వదలకుండా పని పూర్తి చేయాలి కనుకే గురి సంగతి ముఖ్యమవుతుంది. కాలు విరిగిన పంది సుబాబుల్ తోటలో దూరితే మర్నాడు పొద్దున పుల్లలకు వెళ్లిన మనిషి మీద పడుతుంది.

బోరు అంకె వెనక చిన్న లెక్క ఉంది. ఒక పౌను సీసాన్ని సమానంగా 12 గుండ్లు చేస్తే ఒక గుండు సరిగ్గా పట్టే గొట్టం 12 బోరు. దాని లోపలి వ్యాసం సుమారు 18.5 మి.మీ. రైఫిల్ గొట్టంలో మెలితిరిగిన గాళ్లు ఉంటాయి, తూటా వాటివెంట తిరుగుతూ బయటపడి బొంగరంలా నిటారుగా సాగుతుంది. నున్నని గొట్టంలో ఆ తిప్పుడు లేదు. పొడుగాటి సీసపు ముక్కను అందులోంచి వదిలితే గాలిలో పల్టీలు కొడుతుంది. పాతకాలపు మార్గం గోళీలాంటి గుండ్రని గుండు, దానికి ముందూ వెనకా లేవు కనుక పల్టీ బెడద లేదు. గొట్టం మూతిని కొంచెం సన్నం చేసే చోక్‌లో ఇరుక్కోకూడదని దాన్ని లోపలి వ్యాసంకంటే చిన్నగా పోస్తారు. అందువల్ల అది గొట్టంలో దొర్లుకుంటూ వచ్చి, చివర ఏ గోడకు తగిలితే దానికి ఎదురువైపు వంగి పోతుంది. 1898లో జర్మనీలో విల్‌హెల్మ్ బ్రెన్నెకె సీసపు ముద్ద వెనక తేలికపాటి బిళ్లను అతికించి తోకలా వాడాడు. 1930లలో అమెరికాలో కార్ల్ ఫాస్టర్ ముద్దకు వెనక బోలు చేసి బరువంతా ముక్కున ఉంచాడు. బ్యాడ్మింటన్ కాక్ ఎలా విసిరినా బెండు ముందుకు వచ్చేసినట్టు ఇవి కూడా ముక్కు ముందుకు పెట్టుకునే పోతాయి. వీటి ఒంటిమీద కనిపించే వాలు గాళ్లు గుండును తిప్పడానికని చాలామంది నమ్ముతారు. అవి తిప్పేది నామమాత్రం. చోక్ గుండా పోయేటప్పుడు సీసం నలగడానికి చోటివ్వడమే వాటి అసలు పని. ఇదే చిక్కును ఇంకోలా విప్పినవాడు భారతదేశంలో సైన్యంలో పనిచేసిన జార్జ్ ఫాస్‌బెరీ. గొట్టం పొడుగునా నునుపుగా ఉంచి మూతి దగ్గర కొద్ది అంగుళాలు మాత్రం గాళ్లు తీసే పద్ధతికి ఆయన 1885లో పేటెంటు తీసుకున్నాడు, హాలండ్ అండ్ హాలండ్ కంపెనీ దాన్ని పారడాక్స్ పేరుతో అమ్మింది. ఒకే తుపాకితో పిట్టనూ పులినీ కొట్టాలనుకున్న దొరలకు అది నచ్చింది. దానికి వెనక సైటు కూడా ఉండేది. భారత పోలీసుల దగ్గర చాలాకాలం నడిచిన .410 మస్కెట్‌దీ ఇదే కథ. ఇషాపూర్ ఫ్యాక్టరీ రైఫిల్‌ను నున్నని గొట్టానికి మార్చినప్పుడు గాళ్లు పోయాయి గాని సైట్లు మిగిలాయి. గుండు వదలదలిస్తే కంటికి రెండు ఆనవాళ్లు కావాలని ఆ పనివాళ్లకు తెలుసు.

రెండో ఆనవాలు లేని తుపాకిలో ఆ చోటు కన్ను తీసుకుంటుంది. గురి చూడటమంటే వెనక ఒక బిందువును, ముందు ఒక బిందువును కలిపి గీసిన గీత లక్ష్యాన్ని తాకేలా చేయడం. ముందు బిందువు పూస. వెనక బిందువు కంటిపాప. ఆ పాప ఎక్కడుంటుందన్నది మడమ కర్ర మీద చెంప ఎక్కడ ఆనుతోందన్నదాన్ని బట్టి ఉంటుంది. కంటికీ పూసకీ మధ్య దూరం ఒక మీటరు అనుకుందాం, పొడుగు గొట్టం తుపాకికి ఇంచుమించు అంతే ఉంటుంది. చెంప 1 మి.మీ. పైకి లేస్తే 50 మీటర్ల దగ్గర గుండు 50 మి.మీ. పైకి పోతుంది. చలికాలం స్వెట్టరు వేసుకుని, మఫ్లరు చుట్టుకుని పేల్చినప్పుడు చెంప మూడు నాలుగు మి.మీ. అటూ ఇటూ కావడం వింత కాదు. అంటే ఆ దూరాన 15, 20 సెం.మీ. తేడా. ఈ తేడాను చూసి పూసను అరగదీస్తే ఎండాకాలం బనీనుతో పేల్చిన రోజు అది ఎదురు తిరుగుతుంది. పక్కలకూ ఇదే సూత్రం. కుడిచేతివాటం మనిషి చెంప కర్రకు ఎడమ పక్కన ఆనుతుంది. కర్ర లావుగా ఉంటే కన్ను గొట్టం నడిమి గీతకు ఎడమకు జరుగుతుంది, గుండు కూడా ఎడమకే పోతుంది. కన్ను ఎటు జరిగితే గుండు అటే జరుగుతుందని గుర్తు పెట్టుకుంటే చాలు. కాబట్టి పూస తుపాకికి సైటు సరిచేయడమంటే ముందు కర్రను మనిషికి సరిచేయడం. గుండ్లు కిందికి పడుతుంటే చెంప ఆనే చోట తోలు పట్టీ ఒక పొర చుట్టాలి, పైకి పోతుంటే కర్రను వడ్రంగి చేత కొంచెం తీయించాలి. తోలు చుట్టడం మళ్లీ విప్పుకోగల పని కనుక అదే ముందు. తీసిన కర్ర తిరిగి రాదు.

పరీక్ష పేల్చడానికి చోటు ఎంచుకోవడంలో ఈ ప్రాంతంలో ఒక ప్రమాదం పొంచి ఉంది. జగ్గయ్యపేట చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలకు రాయి తవ్వి వదిలేసిన గోతులు చూస్తే, మూడు వైపులా గోడ ఉంది కదా, ఇంతకంటే మంచి చోటు ఏముంటుందనిపిస్తుంది. రాతి గోడకు తగిలిన సీసపు ముద్ద ఎటు తిరుగుతుందో చెప్పలేం. గుండుకు వెనక ఉండాల్సింది మెత్తని మట్టికట్ట, అదీ గురి తప్పినా దాటిపోనంత ఎత్తుది. అన్నిటికంటే పద్ధతైనది అనుమతి ఉన్న ఫైరింగ్ రేంజ్. పంట కాపలా లైసెన్సు ఊరి బయట బీడులో సాధన చేసుకోవడానికి అనుమతి పత్రం కాదు. ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ తరవాత నిర్లక్ష్యంగా, ఇతరులకు ప్రమాదం కలిగేలా పేల్చడం రెండేళ్ల దాకా జైలు గాని, లక్ష రూపాయల దాకా జరిమానా గాని, రెండూ గాని పడే నేరం.

చోటు కుదిరాక మొదటి గుండు దూరంనుంచి పేల్చకూడదు. 20 మీటర్ల దగ్గర దుప్పటంత కాగితం మధ్యలో చేతి వెడల్పు నల్ల చుక్క పెట్టి మొదలుపెడితే గుండు ఎటు పోయినా జాడ కాగితం మీదే ఉంటుంది. తుపాకి ముందు చెక్కను ఇసక సంచి మీద ఆనించాలి, సంచికీ చెక్కకూ మధ్య చెయ్యి ఉంటే ఇంకా మంచిది. గొట్టాన్ని మాత్రం దేనికీ ఆనించకూడదు. మంచె మీద కాపలా ఉండేవారికి గుంజ మీద గొట్టం ఆనించి పేల్చే అలవాటు ఉంటుంది. గట్టి వస్తువుకు ఆనిన గొట్టం పేలిన అదురుకు దాన్ని తన్ని పైకి లేస్తుంది, గుండూ పైకే పోతుంది. ఆ అలవాటుతో పేల్చి సైటుది తప్పు అందామంటే, తప్పు గుంజది. ఒక్క గుండుతో ఏదీ తేల్చకూడదు. ఒకే గురితో కనీసం మూడు పేల్చి, మూడు చిల్లుల నడిమి బిందువును పట్టుకోవాలి. నున్నని గొట్టం, మంచి తూటా, నిదానమైన చెయ్యి మూడూ కుదిరినప్పుడు 50 మీటర్ల దగ్గర మూడు గుండ్లు దాదాపు 10 సెం.మీ. మేరలో పడితే అది మెచ్చుకోదగ్గ తుపాకే. ఆ మేరకంటే చిన్న తేడాను స్క్రూతో సరిచేయాలని చూడటం తీగ మీద ఆడే పిచ్చుకను కొలతబద్దతో కొలవడం లాంటిది. మూడూ జానెడు, మూరెడు దూరాన చెల్లాచెదురుగా పడితే సైటు జోలికి పోనేవద్దు. తూటా మార్చాలి, లేదా పేల్చే మనిషి తూటా పేలకముందే కళ్లు మూసి మీటను గుంజుతున్నాడేమో చూడాలి. గుండు తూటా భుజాన్ని గట్టిగా తన్నుతుంది, రెండు మూడు తన్నులు తిన్నాక ఎంతటివాడి చెయ్యైనా ముందే బిగుసుకుంటుంది. పక్క మనిషి తనకు తోచినప్పుడు గొట్టంలో ఖాళీ డొప్ప పెట్టి ఇస్తే సంగతి బయటపడుతుంది. పేలకపోయినా గొట్టం కిందికి ముక్కు వంచుతుంది.

ఇంత చేశాక కూడా మూడు చిల్లులూ గుత్తిగా ఒకచోట పడుతూ, ఆ చోటు చుక్కకు దూరంగా ఉంటే, అప్పుడు సైటు పని. గొట్టం మీది పట్టీకి బిగించే వెనక సైట్లు వస్తాయి. ముందు పూసకూ వెనక సైటుకూ మధ్య దూరం 60 సెం.మీ. అనుకుందాం. 50 మీటర్ల దగ్గర గుండ్లు చుక్కకు 15 సెం.మీ. ఎడమకు, 10 సెం.మీ. కిందకు పడుతున్నాయి. తప్పు కొలతను సైట్ల మధ్య దూరంతో హెచ్చవేసి, లక్ష్యం దూరంతో భాగిస్తే సైటు ఎంత జరగాలో వస్తుంది. 150 మి.మీ.ని 600తో గుణించి 50,000తో భాగిస్తే 1.8 మి.మీ. అంటే వెనక సైటు కుడికి రూపాయి బిళ్ల మందం కంటే కాస్త ఎక్కువ జరగాలి. అలాగే పైకి 1.2 మి.మీ. దిక్కు దగ్గరే చాలామంది తడబడతారు. దీనికి ఒక్కటే గుర్తు: వెనకది ఒప్పు వెంట, ముందుది తప్పు వెంట. గుండు ఎటు పోవాలని కోరుకుంటామో వెనక సైటు అటు జరగాలి. ముందు పూసను కదపాలంటే గుండు ఎటు తప్పిందో అటే కదపాలి. గుండు పైకి పోతుంటే పూస ఎత్తు పెరగాలి, కిందికి పడుతుంటే పూస తగ్గాలి. కంగారులో దీన్ని తిరగేసి ఆకురాయి పట్టినవాళ్లు పూసతోపాటు తూటాలు కూడా పోగొట్టుకుంటారు. ఎత్తయిన పూస ముందే వేయించుకుని, పేలుస్తూ కొద్దికొద్దిగా అరగదీసుకుంటూ రావడం తెలివైన మార్గం. మొత్తం తప్పును ఒక్కసారిగా దిద్దకుండా సగం దిద్ది మళ్లీ మూడు పేల్చితే లెక్కలో పొరపాటు ఉన్నా అక్కడే తెలిసిపోతుంది.

లైసెన్సులో ఏడాదికి ఇన్ని తూటాలని రాసి ఉంటుంది, ఆ కొద్దిలో ఇలా మూడేసి కాగితం మీద పేల్చేస్తే పొలానికి ఏం మిగులుతాయన్న అభ్యంతరం న్యాయమైనదే. దానికి సగం జవాబు తూటా లేకుండానే దొరుకుతుంది. మడత తుపాకిలో తూటా లేదని రెండుసార్లు చూసుకున్నాక గొట్టాన్ని కర్రనుంచి విడదీసి ఇసక సంచుల మీద కదలకుండా పెట్టి, వెనకనుంచి గొట్టంలోకి చూస్తే అవతల గుండ్రంగా వెలుతురు కనిపిస్తుంది. 25 మీటర్ల దగ్గర పెట్టిన చుక్కను ఆ వెలుతురు నడుమకు తెచ్చి, గొట్టం కదపకుండా సైట్లలోంచి చూస్తే అవి ఎంత దారి తప్పాయో కంటికే తెలుస్తుంది. దీనితో మొరటు తప్పులన్నీ పోతాయి, మిగిలినదానికి ఆరు తొమ్మిది తూటాలు సరిపోతాయి. ఈ వసతి గొట్టానికి వెనక సైటు కూడా బిగించి ఉన్న తుపాకికే. పూస ఒక్కటే ఉంటే వెనక బిందువు మనిషి ముఖంలో ఉంది కనుక మనిషి భుజానికెత్తి పేల్చక తప్పదు.

జంట గొట్టాల తుపాకి ఈ లెక్కలన్నిటినీ ఒక మెట్టు పైకి తీసుకుపోతుంది. పైకి రెండు గొట్టాలూ సమాంతరంగా ఉన్నట్టు కనిపిస్తాయి గాని మూతులవైపు కొంచెం దగ్గరగా వంచి అతికిస్తారు. కుడి గొట్టం పేలినప్పుడు తుపాకి పైకే కాక కుడికి కూడా తన్నుకుంటుంది, ఎడమది పేలితే ఎడమకు. గుళ్లు గొట్టం దాటేలోపే ఈ కదలిక మొదలవుతుంది కనుక, దాన్ని ముందే లెక్కగట్టి గొట్టాల్ని లోపలికి వంచుతారు. ఆ లెక్క కట్టింది సన్నగుళ్ల తూటాకు, దాని బరువుకు, దాని వేగానికి. సెకనుకు 480 మీటర్ల వేగంతో పోయే గుండు గొట్టంలో తక్కువ సేపు ఉంటుంది, తన్ను కూడా వేరు. కుడి గొట్టం గుండు ఎడమకు, ఎడమ గొట్టం గుండు కుడికి పోయి, రెండూ కత్తెరలా దాటుకోవడం చాలా తుపాకుల్లో చూస్తాం. ఒకే పూసతో రెండిటికీ గురి కుదర్చడం ఎవరి తరమూ కాదు. ఒకదాన్ని గుండుకని ఖాయం చేసుకుని, సైటు దానికే పెట్టి, రెండోదాన్ని గుళ్లకు వదలాలి. ఏది గుండుకు అంటే చోక్ తక్కువ ఉన్నదే. జంట గొట్టాల్లో ఎడమదానికి తరచుగా ఫుల్ చోక్ ఉంటుంది, అంటే మూతి దగ్గర ఒక మి.మీ. సన్నం. అటువంటి గొట్టంలోంచి దానికి తగనిది, చేతితో పోసినది, కొలత తెలియనిది అయిన గుండును పేల్చితే మూతి ఉబ్బడమో చీలడమో జరగవచ్చు. పోటీల కోసం చేసిన ట్రాప్ తుపాకులది మరో పేచీ. హైదరాబాద్‌లో గచ్చిబౌలి రేంజ్‌కు వెళ్తే కనిపించే ఆ తుపాకులు పైకి లేస్తున్న మట్టి పళ్లేన్ని పగలగొట్టడానికి కావాలనే గురికంటే ఎత్తుగా కొట్టేలా చేసినవి. అక్కడ అది సుగుణం. గుండు పెట్టి పంది మీద పేల్చితే పంది వీపు మీంచి పోతుంది.

తాతల కాలంనుంచి పూస చూసే కొట్టాం, ఈ మిల్లీమీటర్ల గోల ఎందుకనేవారికి ఎదురు చెప్పాలంటే వారు చెప్పేది అబద్ధం కాదని ముందు ఒప్పుకోవాలి. మంచె కింద 15 మీటర్ల దగ్గర నిలబడ్డ పందికి చెంప 3 మి.మీ. తేడా వచ్చినా గుండు తప్పేది నాలుగున్నర సెం.మీ. మాత్రమే. ఆ దూరంలో ఎవరి పూసైనా ఒప్పే. అదే తేడా 60 మీటర్ల దగ్గర 18 సెం.మీ. అవుతుంది, గుండెకు చూసినది పొట్టకో కాలికో తగులుతుంది. తాతలు దగ్గరికి రానిచ్చి కొట్టారు, వారి గురి రహస్యం సగం అదే. గుండు ఎందుకు, ఎల్‌జీ, ఎస్‌జీ పెద్దగుళ్ల తూటా పెడితే సైటు గొడవే ఉండదు కదా అన్నది రెండో మాట. చోక్ లేని గొట్టంలోంచి పెద్దగుళ్లు మీటరు పోయేసరికి ఇంచుమించు రెండున్నర సెం.మీ. చొప్పున విచ్చుకుంటాయి. 40 మీటర్ల దగ్గర ఒక మీటరు వెడల్పున చెదిరిన తొమ్మిది గుళ్లలో పందికి తగిలేవి రెండో మూడో, తగలనివి ఎక్కడికి పోయాయో తెలియదు. పక్క చేలో నీళ్లు కట్టేవారుంటే? ఇక మూడోది, రెడ్‌డాట్ సైటో టెలిస్కోపో కొని బిగిస్తే సరి అన్న కొత్తతరం మాట. ఇందులో నిజం ఉంది: చుక్క సైటులో కన్ను కాస్త పక్కకు జరిగినా గురి పెద్దగా జరగదు, పైన చెప్పిన చెంప సమస్యను అది చాలావరకు తీరుస్తుంది. తీర్చనిది గొట్టాన్ని. 50 మీటర్ల దగ్గర జానెడు మేర చెదరగొట్టే తుపాకి మీద ఖరీదైన సైటు పెడితే చెదిరేది స్పష్టంగా కనిపిస్తుంది, అంతే. పైగా గుండు తన్నుకు బిగింపు స్క్రూలు వదులవుతాయి, పలుచని పట్టీకి బిగించిన సైటైతే మరీ త్వరగా.

దూరానికి హద్దు వేసుకోవడం కూడా సైటు సరిచేయడంలో భాగమే. ఫాస్టర్ రకం గుండు బయల్దేరేటప్పుడు సెకనుకు 480 మీటర్ల పైచిలుకు పోతుంది గాని, మొద్దు ముక్కు వల్ల గాలికి త్వరగా అలిసిపోతుంది. 50 మీటర్లకు సైటు పెట్టుకుంటే 25 దగ్గర, 60 దగ్గర తేడా వేళ్ల మందం దాటదు. 100 మీటర్ల దగ్గర మాత్రం జానెడు కిందకు పడిపోతుంది. ఆ జానెడును సైటు పైకెత్తి సరిచేయవచ్చు కదా అంటే, చేయవచ్చు, అప్పుడు 50 దగ్గర పది సెం.మీ.కు పైగా ఎక్కువ కొడుతుంది, 100 దగ్గర చెదరడం కూడా రెట్టింపవుతుంది. ఈ మెట్ట పొలాల్లో, గట్ల మధ్య, మొక్కజొన్న సాళ్లకు అడ్డంగా రాత్రిపూట 60 మీటర్ల అవతల ఏ జంతువుందో పోల్చుకోవడమే కష్టం. బ్యాటరీ లైటు వెలుగులో కనిపించే రెండు కళ్లు పందివో, దూడవో, కుక్కవో. పూస కూడా చీకట్లో మోసం చేస్తుంది. 3 మి.మీ. మందం పూస 50 మీటర్ల దగ్గర 15 సెం.మీ. మేర కప్పేస్తుంది, అంటే పంది గుండె భాగమంతా దాని వెనకే. పూసను లక్ష్యం మీద పెట్టకుండా లక్ష్యం పూస నెత్తిన కూర్చున్నట్టు చూడటం, పరీక్ష కాగితం మీద కూడా అలాగే చూసి సైటు పెట్టుకోవడం దీనికి విరుగుడు. పగలు ఒకలా, రాత్రి ఒకలా చూసేవారికి సైటు ఎన్నిసార్లు తిప్పినా కుదరదు. మంచె ఎత్తు ఇక్కడ మేలు చేస్తుంది. నాలుగు మీటర్ల ఎత్తునుంచి 20 మీటర్ల దగ్గరి పందిని కొడితే గుండు దాన్ని దాటినా రెండు మూడు మీటర్లలో నేలకు దిగుతుంది. 40 మీటర్లకు కొడితే వాలు సగమైపోతుంది, సున్నపురాయి తేలిన నేల మీద అంత తక్కువ వాలుకు సీసం జారి లేచిపోగలదు. నల్లరేగడి దుక్కిలో ఆ భయం తక్కువ.

సరిచేసిన సైటు సరిగ్గానే ఉండిపోతుందనుకోవడానికి లేదు. తూటా పెట్టె మారితే, వేరే కంపెనీది వస్తే మళ్లీ మూడు పేల్చి చూడాలి. ఖడ్కీ ఫ్యాక్టరీ తూటాకు పెట్టిన గురి దిగుమతి తూటాకు నిలవాలన్న రూలు లేదు. నందిగామ ఎండల్లో బండి డిక్కీలో పెట్టిన తూటాలోని మందు వేడికి కాస్త దూకుడుగా కాలుతుంది, అదీ తేడా తెస్తుంది గాని 50 మీటర్ల లోపు పట్టించుకోదగ్గంత కాదు. పట్టించుకోవలసింది ఎన్నికల ముచ్చట. నోటిఫికేషన్ రాగానే లైసెన్సు తుపాకులు పోలీసు స్టేషన్లో అప్పగించడం, ఫలితాలయ్యాక తెచ్చుకోవడం మామూలు. ఆ రెండు మూడు నెలలు తుపాకి ఇంకో పది తుపాకుల పక్కన గోడకు ఆని ఉంటుంది, పెట్టేటప్పుడూ తీసేటప్పుడూ పూసకు దెబ్బ తగలవచ్చు, వెనక సైటు కదలవచ్చు. అప్పగించే ముందు వెనక సైటు స్క్రూ తలమీంచి పక్క లోహం మీదికి గోళ్లరంగుతో సన్నని గీత ఒకటి గీసుకుంటే, తిరిగి తెచ్చుకున్న రోజు ఆ గీత రెండు ముక్కలైందో లేదో చూస్తే తెలిసిపోతుంది.